హైదరాబాద్ రాజ్యం: బలం, పలుకుబడి, సంపద (1724–1948)

సైన్యం, సంధులు, డబ్బు, సొంత గడ్డ మీద పెంచుకున్న ఉత్పత్తి: ప్రపంచంలో తమ మాట చెల్లించుకోవడానికి రాజ్యాలు నమ్ముకునేవి ఇవే. వీటిలో ఏది నిలుస్తుంది, ఏది చేజారిపోతుంది అన్నది తెలుసుకోవాలంటే తెలుగువారు యూరప్ చరిత్ర దాకా వెళ్లనక్కర్లేదు. ఇప్పటి కామారెడ్డి జిల్లాలోని రాజంపేట, ఎల్లారెడ్డి, దోమకొండ, బాన్సువాడలు 1948 దాకా ఏ రాజ్యంలో ఉండేవో ఆ హైదరాబాద్ రాజ్యం ఈ నాలుగు దారులూ తొక్కింది. కొన్నింటిలో చాలా పోగొట్టుకుంది. ఒకదాంట్లో మాత్రం ఈ రోజుకీ పనికొచ్చే ఫలితాన్ని వదిలి వెళ్లింది.

ఈ రాజ్యానికి మూలపురుషుడు మొఘల్ సుబేదారు నిజాముల్ ముల్క్, మొదటి అసఫ్ జా. 1724 అక్టోబరులో శకర్‌ఖేడా యుద్ధంలో ముబారిజ్ ఖాన్‌ను ఓడించి దక్కన్‌లో స్థిరపడ్డాడు. చివరికి మిగిలిన రాజ్య విస్తీర్ణం 82,698 చదరపు మైళ్లు; 1941 లెక్కల ప్రకారం జనాభా సుమారు 1.63 కోట్లు. జనం భాషలు ప్రధానంగా తెలుగు, మరాఠీ, కన్నడం. పాలన నడిచింది మొదట పారశీకంలో, 1880ల నుంచి ఉర్దూలో. సముద్రతీరం లేదు. అసలు లేకపోవడం వేరు, ఉండి పోవడం వేరు. హైదరాబాద్‌కు తీరం ఉండేది, పోయింది. పోయిన తీరు నుంచే ఈ కథ మొదలుపెట్టాలి.

అరువు సైన్యం, అమ్ముడైన భూమి

1748లో అసఫ్ జా చనిపోగానే వారసత్వ కలహం మొదలైంది. కొడుకు నాసిర్ జంగ్ 1750లో, మనుమడు ముజఫర్ జంగ్ 1751లో హత్యకు గురయ్యారు. సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. ఆ సైన్యానికి జీతాలు కావాలి. వాటి కోసం 1753లో ముస్తఫానగర్ (కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, చికాకోలు (శ్రీకాకుళం) సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చారు. అంటే కృష్ణ నుంచి మహేంద్రగిరి దాకా కోస్తా పన్నులన్నీ ఒక పరాయి సైన్యం జీతానికి వెళ్లాయి.

ఇంతలో ఫ్రాన్స్, ఇంగ్లండుల మధ్య ఏడేళ్ల యుద్ధం వచ్చింది. 1757 జనవరిలో బుస్సీ సాయంతో విజయనగరం ప్రభువు బొబ్బిలి కోట మీద పడ్డాడు. మరుసటి ఏడాది డిసెంబరులో చందుర్తి దగ్గర అదే విజయనగరం సేనలు ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ పక్షాన నిలిచి ఫ్రెంచివారిని ఓడించాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైంది. సలాబత్ జంగ్ పక్షం మార్చి కొత్త విజేతతో సంధి చేసుకున్నాడు. 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానా, 1766, 1768 సంధులతో సర్కారులు ఈస్టిండియా కంపెనీకి ఖాయమయ్యాయి. మిగిలిన గుంటూరు సర్కారు 1788లో పోయింది. దాంతో సముద్రం హైదరాబాద్‌కు పూర్తిగా దూరమైంది. సర్కారులకు బదులుగా కంపెనీ ఏటా పేష్కష్ (కప్పం) చెల్లిస్తూ వచ్చింది. 1823లో ఒక్క మొత్తం ఇచ్చి ఆ హక్కునూ కొనేసింది.

రెండో ఘట్టం ఇంకా నేర్పేది. 1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాల చేతిలో అప్పటి పాలకుడు నిజాం అలీ ఖాన్ ఓడిపోయాడు. సాయపడతారని ఆశించిన ఇంగ్లీషువారు కదల్లేదు. అప్పుడాయన ఫ్రెంచి సేనాని రేమండ్ నడిపే పదాతి దళాన్ని ఇంకా పెంచాడు. సొంత సైన్యానికి అది మంచి పునాది అయ్యేదే, కానీ దాని అధికారులు పరాయివారు. 1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరు 1న కుదిరిన సైన్య సహకార ఒప్పందం ప్రకారం హైదరాబాద్ ఆరు కంపెనీ పటాలాలకు ఏటా రూ. 24,17,100 చెల్లించాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో కంపెనీ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌ప్యాట్రిక్ ఆధ్వర్యంలో ఆ వేల మంది ఆయుధాలు కింద పెట్టారు. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ భారతదేశమంతటా అమలు చేసిన పద్ధతికి తొలి పెద్ద ఒప్పందం ఇదే.

ఆ జీతాల చెల్లింపు భారం మళ్లీ భూమి మీదే పడింది. 1792, 1799 యుద్ధాల్లో టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి తన వాటాగా వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను నిజాం 1800 అక్టోబరులో కంపెనీకే అప్పగించాడు. వాటికి దత్తమండలాలని పేరు పడింది. 1928 నుంచి రాయలసీమ అంటున్నాం. కోస్తా, రాయలసీమ ఒకవైపు, తెలంగాణ మరోవైపు అని తెలుగు నేల రెండు పాలనల కింద విడిపోయింది సైనికుల జీతాల ఖాతా వల్ల. నూట యాభై ఏళ్లు వేరువేరు చట్టాలు, వేరువేరు శిస్తులు, వేరువేరు బడులు. మూడు ప్రాంతాల మధ్య తరవాత వచ్చిన తగాదాల్లో సగం అక్కడ పుట్టినవే అనడం నా దృష్టిలో అతిశయోక్తి కాదు.

1802లో కుదిరిన వాణిజ్య సంధి మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాంకు ఇచ్చింది. బదులుగా కంపెనీ సరుకు మీద సుంకం నూటికి అయిదు మించకూడదన్నది. తన రేవులోకి తాను వెళ్లడానికి అనుమతి పొందిన రాజ్యం, తన సరిహద్దులో తాను వసూలు చేసే సుంకానికి కూడా ఇతరుల హద్దుకు లోబడింది.

బేరార్: డెబ్భై ఏళ్ల అర్జీ

సహకార సైన్యం చాలక హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో దళం వచ్చింది. అధికారులు ఇంగ్లీషువారు, ఖర్చు నిజాంది. దివాను చందూలాల్ కాలంలో విలియం పామర్ కంపెనీ అనే సాహుకారు సంస్థ దగ్గర అధిక వడ్డీకి అప్పు తెచ్చి ఆ జీతాలు కట్టారు. అప్పు పెరిగింది. 1853 మేలో గవర్నర్ జనరల్ డల్హౌసీ ఒత్తిడి మీద బేరార్ (విదర్భలోని అమరావతి, అకోలా ప్రాంతం) కంపెనీ నిర్వహణలోకి వెళ్లింది. బేరార్ నల్లరేగడి మంచి పత్తి నేల. మాంచెస్టర్ మిల్లులకు పత్తి కావాలి. పదేళ్లు తిరక్కుండా అమెరికా అంతర్యుద్ధం వచ్చి పత్తి ధర ఆకాశానికి లేచింది. ఆ లాభం హైదరాబాద్ ఖజానాకు చేరలేదు.

అదే ఏడాది ఇరవై నాలుగేళ్ల వయసులో దివానైన మొదటి సాలార్ జంగ్ ఈ చరిత్రలో అందరికన్నా సమర్థుడు. జిల్లాలు ఏర్పరిచాడు, శిస్తు వసూలు గుత్తేదార్ల చేతి నుంచి తప్పించాడు, నాణేన్ని ఒక దారికి తెచ్చాడు. 1857లో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు ఆయన ఇంగ్లీషువారి పక్షాన నిలిచాడు. ప్రతిఫలంగా 1860 సంధిలో రాయచూరు, ధారాసివ్ (ఉస్మానాబాద్) జిల్లాలు తిరిగొచ్చాయి, 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. బేరార్ మాత్రం రాలేదు. దాని కోసం 1876లో లండన్ దాకా వెళ్లి వచ్చాడు. గౌరవాలు జరిగాయి, పని జరగలేదు. 1902లో వైస్రాయి కర్జన్ ఏడాదికి 25 లక్షల కౌలు మీద దాన్ని శాశ్వతంగా రాయించుకున్నాడు.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1923లో మళ్లీ అడిగాడు. 1926 మార్చి 27న వైస్రాయి రీడింగ్ రాసిన జవాబు భారత సంస్థానాల చరిత్రలో ముఖ్యమైన పత్రం. సంధులు ఏం చెప్పినా భారతదేశంలో బ్రిటిష్ చక్రవర్తిదే సార్వభౌమాధికారం, ఏ సంస్థానాధీశుడూ సమానస్థాయిలో మాట్లాడలేడు అన్నది దాని సారం. 1936లో దక్కింది పేరు: నిజాంను హైదరాబాద్, బేరార్‌ల ప్రభువుగా, పెద్దకొడుకును బేరార్ యువరాజుగా పిలవవచ్చన్నారు.

పొగబండి, బొగ్గు, లండన్ మార్కెట్

వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. కంటోన్మెంటుకు పటాలాలను త్వరగా చేర్చడం ఇంగ్లీషువారి అవసరం, డబ్బు పెట్టింది హైదరాబాద్. 1883లో లండన్‌లో నిజాం హామీ రైల్వే కంపెనీ ఏర్పడింది. పెట్టుబడిదార్లకు ఇరవై ఏళ్ల పాటు నూటికి అయిదు చొప్పున ప్రభుత్వం హామీ పడింది. నష్టం వస్తే భరించేది హైదరాబాద్ రైతు శిస్తే. ఈ రైలు దారిని చాందా దాకా పొడిగించే పథకాన్ని అంతకుముందే బహిరంగ చర్చకు పెట్టాలని కోరిన వారిలో అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఒకరు. సరోజినీ నాయుడికి తండ్రి. ఆయన్ను 1883లో రాజ్యం నుంచి పంపించేశారు. ప్రజల డబ్బు ఎక్కడికి పోతోందని అడిగినందుకు ఒక చదువుకున్న మనిషికి జరిగిన ఈ శిక్షను హైదరాబాద్ చరిత్రకారులు ఇంకా పెద్ద అక్షరాలతో రాయాలి. అయిదేళ్లకే గనుల కౌలు వ్యవహారంలో అక్రమాలు బయటపడి బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారించాల్సి వచ్చింది. ఆ గనుల కౌలు పొందిన కంపెనీయే 1889లో ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్‌గా మారింది.

సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు గోదావరి లోయ మీటర్‌గేజ్ దారి 1899 నుంచి 1901 మధ్య పూర్తయింది. రాజంపేట మండలంలోని తలమడ్ల, ఆ తరవాత కామారెడ్డి, నిజామాబాద్ స్టేషన్లు ఆ దారి మీదివే. ఈ ప్రాంతపు ధాన్యానికి, బెల్లానికి దూరపు అంగడి అందుబాటులోకి వచ్చింది అప్పుడే. 1930లో రాజ్యం రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. హైదరాబాద్ తీసుకున్న ఆర్థిక నిర్ణయాల్లో తెలివైన వాటిలో అదొకటి.

బిరుదులు, వియ్యాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీ ఖలీఫా ఇంగ్లండుకు ఎదురు నిలిచినప్పుడు ఏడో నిజాం ముస్లింలను బ్రిటన్ పక్షాన ఉండమన్నాడు, యుద్ధానికి ధనం ఇచ్చాడు. బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు ఆయన డబ్బుతో విమానాలు కొన్నారు. దాని పేరులో హైదరాబాద్ చేరింది. 1918లో ఇతర సంస్థానాధీశులెవరికీ లేని ‘ఎగ్జాల్టెడ్ హైనెస్’ హోదా వచ్చింది. 1924లో టర్కీ ఖలీఫా పదవిని రద్దు చేశాక, ప్రవాసంలో ఉన్న చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మజీద్‌కు నిజాం భరణం పంపాడు. 1931 నవంబరులో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్‌ను పెద్దకొడుక్కి, ఆ వంశంలోని నీలోఫర్‌ను రెండో కొడుక్కి చేసుకున్నాడు. హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రి పేరు ఆ రాకుమారిదే. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన్ను వేసి ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడని రాసింది. పలుకుబడి అంతర్జాతీయంగా పెరిగినట్టే కనిపించింది. రీడింగ్ జవాబు మాత్రం మారలేదు.

మంజీర మీద నిజాంసాగర్

సంపదను సొంత గడ్డ మీద సృష్టించడం హైదరాబాద్ ఆలస్యంగా మొదలుపెట్టినా, అందులోనే నిజంగా గెలిచింది. ఆ గెలుపుకు కేంద్రం ఇప్పటి కామారెడ్డి జిల్లా.

మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎల్లారెడ్డి, బాన్సువాడల మధ్య అచ్చంపేట దగ్గర దాని మీద 1923లో ఆనకట్ట పని మొదలై 1931లో ముగిసింది. రూపకర్త చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివిన హైదరాబాదీ ఆయన. పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినంగా జరుపుకుంటోంది. సుమారు నలభై ఊళ్లు నీటి కిందికి పోయాయి. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలని లక్ష్యం. అంతకు ముందే, 1922 నాటికి, మంజీర ఉపనది మీద పోచారం జలాశయం పూర్తయింది. రెండింటికీ సైన్యం అద్దెతో పనిలేదు, వైస్రాయి దయ అక్కర్లేదు.

నీళ్లు రాగానే పంట మారింది. జొన్న, మొక్కజొన్న పండే నేలల్లో వరి, చెరకు వచ్చాయి. నీటి పారుదల వ్యవసాయం తెలిసిన కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతాల్లో భూములు కొన్నారు. ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని ఈనాటికీ వినిపించేది వాళ్లు దిగిన చోట్లకే. 1759 తరవాత వేరైన కోస్తా, తెలంగాణ రైతులు ఒకే కాలువ కింద మళ్లీ పొరుగువారయ్యారు.

చెరకు ఉంటే మిల్లు కావాలి. ప్రపంచ ఆర్థిక మాంద్యంలో జావా చక్కెర చవగ్గా వచ్చి పడుతుంటే, బ్రిటిష్ ఇండియా 1932లో స్వదేశీ చక్కెరకు రక్షణ సుంకం విధించింది. దేశమంతటా మిల్లులు లేచాయి. హైదరాబాద్ 1929లోనే కోటి రూపాయలతో పారిశ్రామిక నిధి ఏర్పరిచి ఉంది. ప్రభుత్వమే వాటా కొని, పరిశ్రమ పెట్టేవారికి తోడుగా నిలబడే పద్ధతి అది. బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 1938లో గానుగ ఆడించింది. ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. వరంగల్ ఆజంజాహి మిల్లు, సిర్పూర్ కాగితం మిల్లు, ఆల్విన్, ప్రాగా టూల్స్ ఆ కాలపువే. సొంత నాణెం ఉస్మానియా సిక్కా, 1941లో సొంత బ్యాంకు వచ్చాయి. దక్షిణ కొరియా, తైవాన్ తరవాతి దశాబ్దాల్లో ప్రభుత్వ డబ్బుతో పరిశ్రమలు పెంచిన తీరుకు ఇది చిన్న రూపంలో ముందడుగే.

కానీ ఆ రెండు దేశాలూ ముందు భూసంస్కరణ చేశాయి, హైదరాబాద్ చేయలేదు. రాజ్యంలో పదింట నాలుగు వంతుల భూమి జాగీర్ల కింద, నిజాం సొంత సర్ఫేఖాస్ కింద ఉండేది. మిగతా చోట్ల దేశ్‌ముఖులు, పటేల్ పట్వారీలు. గడి ముందు వెట్టి చాకిరి తప్పని కులాల మనిషికి కాలువ నీరు రాజ్యం మీద మమకారం కలిగించలేదు. బడిలో తల్లిభాష లేదు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన ఉర్దూలో. 1930లో జోగిపేటలో, 1937లో నిజామాబాద్‌లో జరిగిన ఆంధ్ర మహాసభలు అడిగింది చదువు, వెట్టి రద్దు, పౌరహక్కులు. సమయానికి అవి ఇచ్చి ఉంటే రాజ్యం వెనక జనం ఉండేవారు. ఇవ్వలేదు. 1946 నుంచి నల్లగొండ, వరంగల్ ఊళ్లు తుపాకీ పట్టాయి.

1947–48

బ్రిటిష్‌వారు వెళ్తున్నారనగానే 1947 జూన్‌లో నిజాం స్వతంత్రంగా ఉంటానని ప్రకటించాడు. నవంబరు 29న భారత్‌తో ఏడాది యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో ఆయన ప్రభుత్వం చేసిన పనులన్నీ డబ్బుతో పలుకుబడి కొనే ప్రయత్నాలే. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల భారత ప్రభుత్వ పత్రాలు అప్పుగా ఇచ్చింది. లండన్‌లో వాల్టర్ మాంక్టన్ అనే ప్రసిద్ధ న్యాయవాదిని పెట్టుకుంది. రేవు కోసం పోర్చుగల్ వారి మార్మగోవా మీద కన్నేసింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి రాత్రిపూట ఆయుధాలు చేరవేశాడు. లోపల కాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లనే సాయుధ దళం ఊళ్ల మీద పడింది.

1948 ఆగస్టు 21న హైదరాబాద్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 16న ప్యారిస్‌లో మండలి ఫిర్యాదును చేపట్టింది. 17న యుద్ధం ముగిసింది. 22న నిజాం ఫిర్యాదు ఉపసంహరించుకున్నాడు. ఆ వారాల్లో జరిగిన హింసను కూడా రాయాలి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. బాధితుల్లో అత్యధికులు ముస్లింలు. 2013 దాకా ఆ నివేదిక జనానికి అందుబాటులో లేదు. రజాకార్ల చేతిలో చనిపోయిన వారినీ, ఆ తరవాత చనిపోయిన వారినీ కలిపి తలచుకోవడం మన చరిత్ర ఇంకా నేర్చుకోవాల్సి ఉంది.

అదే సెప్టెంబరులో లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాద్ ఖాతా నుంచి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు 10,07,940 పౌండ్లు బదిలీ అయ్యాయి. నిజాం తిరిగి ఇమ్మన్నాడు; 1957లో కేసు నిలిచిపోయి డబ్బు స్తంభించింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు పాకిస్తాన్ వాదన తోసిపుచ్చింది. అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ మొత్తం భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు చెందింది.

తరవాత

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు భాషా రాష్ట్రాల్లోకి విడిపోయింది. 1853లో పోయిన బేరార్, మరాఠ్వాడా జిల్లాలు అప్పుడు బొంబాయి రాష్ట్రంలో కలిశాయి.

బలం ఎక్కడుంటే అక్కడికి శ్రమ వెళ్తుందన్నది కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలకు తెలిసిన సంగతి. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్ రాజ్యాలు ఎడారిలో నగరాలు కట్టడం మొదలుపెట్టాక, ఇక్కడి యువకులు దుబాయి, మస్కట్, కువైట్, సౌదీ దారి పట్టారు. వాళ్లు పంపిన దీనార్లు, రియాళ్లతో ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. శవపేటికల్లో తిరిగొచ్చినవారూ ఉన్నారు. దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాల్లో సరుకుకు ఉన్నంత రక్షణ ఈ కూలీకి ఇంకా లేదు. అది దౌత్యం చేయాల్సిన మొదటి పని.

నిజాంసాగర్‌లో పూడిక పేరుకుని నీటి నిల్వ దాదాపు 30 టీఎంసీల నుంచి 18కి దిగింది. బోధన్ మిల్లు 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. దాన్ని తెరవాలని చెరకు రైతులు, కార్మికులు అడుగుతూనే ఉన్నారు, అడగడం న్యాయం. రాజంపేట 2016 అక్టోబరులో కామారెడ్డి కొత్త జిల్లాలో మండలమైంది. జిల్లా కేంద్రంలో 1897 నాటి పెద్ద చెరువు ఉంది. 2018లో కెనడాలో సమావేశమైన అంతర్జాతీయ నీటిపారుదల సంఘం దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.